మూడు చక్రములపై అరకు లోయకు

విశాఖపట్టణమునుండి అరకు లోయకు సుమారు 115 కిలోమీటర్ల దూరము. అందు మొదటి సగము మైదానము, మిగిలినది ఘాటీ. శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరువరకు త్రోవ సాధువుగనే యుండును. ఆ పిమ్మట కొండను చుట్టుకొని పైకి ప్రాకుచు, మలుపు వెంట మలుపు తిరుగుచు, సముద్రమట్టమునకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తున నున్న లోయకు మనలను చేర్చును. ఈ త్రోవలోని జలపాతములను గూర్చియు, బొర్రా గుహలను గూర్చియు, కాఫీ తోటలను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది కలరు. మేము వ్రాయబోవునది ఆ త్రోవపై మమ్ము మోసిన మూడు చక్రములను గూర్చి. చక్రముల ముచ్చట మగవారిది కదా యని సోదరీమణులు పుట త్రిప్పవలదు. దేవాసుర యుద్ధమున దశరథుని రథపు సీల ఊడినప్పుడు కైక తన వ్రేలు నుంచి చక్రమును నిలిపెనని మన యిండ్లలో చెప్పుకొను కథ యొకటి కలదు. బండిలో కూర్చుండువారికి చక్రముతో పని కలదని ఆ కథయే చెప్పుచున్నది.

మా కాపురము శృంగవరపుకోటకు చేరువనే, కొండల దిగువను. మా వారు బడిపంతులు. మా మామగారును బడిపంతులే. 1981లో మామగారికి అరకు ప్రాంతపు ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగమైనప్పుడు, 1974 నాటి బుల్లెట్టు మోటారుసైకిలు నొకదానిని మరియొకరియొద్ద కొనిరట. సుంకరిమెట్టకు లోపలనున్న యొక చిన్న పల్లెలో ఆయనయు అత్తగారును నాలుగేండ్లు కాపురముండిరి. మా వారు పుట్టినది ఆ పల్లెలోనే. వానకాలపు రాత్రి, గెడ్డ పొంగి త్రోవ తెగి, వైద్యుడు రాలేని వేళ, ప్రక్కయింటి కొండదొర స్త్రీ యొకతె అత్తగారికి పురుడు పోసినదట. "ఆమె చేతుల మీదే నీ మగడు భూమ్మీద పడ్డాడు" అని అత్తగారు మాతో ఎన్ని మారులు చెప్పిరో లెక్కలేదు. ఆ ముసలమ్మ యింకను బ్రదికియున్నదనియు, కండ్లు మాత్రము మసకలు క్రమ్మినవనియు మామగారి పూర్వ విద్యార్థి యొకడు వచ్చి చెప్పెను. నాటినుండి అత్తగారికి ఒకటే చింత. ఉభయులకును వయస్సు మీరినది. ఒక్కమారు వెళ్లి ఆమెను చూడవలెను.

కోరిక చిన్నదే, తీర్చుట సులభము కాదు. అత్తగారి మోకాళ్లు వంగవు. ఘాటీ మలుపులలో బస్సెక్కినచో కడుపులో నీళ్లైనను నిలువవు. కొత్తవలస–కిరండూలు రైలు మా యూరి మీదుగనే, సొరంగముల గుండ అరకునకు పోవును గాని, ఆ పెట్టె మెట్లెక్కుట ఆమెకు గండము. దిగిన పిమ్మట పల్లెకు పోవుటకు మరల బండి కావలెను. అద్దెకారు మాట తెచ్చితిమి. తలుపులు మూసిన కారులో తల తిరుగునని ఆమె ఒప్పుకొనలేదు. అసలు మాట వేరని మాకు తెలియును. ఒకప్పుడు ఆయన వెనుక కూర్చుండి ఎక్కిన కొండ నిప్పుడును ఆయన బండిమీదనే ఎక్కవలెనని ఆమె మనస్సు. వెనుక సీటుపై కూర్చుండుట ఆ మోకాళ్లతో కాని పని. అప్పుడు మా వారు "సైడుకారు తగిలింతము" అనిరి.

సైడుకారనగా మోటారుసైకిలు ప్రక్కన తగిలించు ఒంటి చక్రపు తొట్టి వంటి ఆసనము. 1975లో వచ్చిన ‘షోలే’ చిత్రములో స్నేహితు లిద్దరు పాట పాడుచు పోవు బండిని చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇంగ్లాండు దేశమున 1903 ప్రాంతమున ఇది వాడుకకు వచ్చెను. 1912లో బర్మింగ్‌హాము నగరమున నెలకొల్పబడి, తరువాత వాట్సోనియన్ అను పేరుతో ప్రసిద్ధికెక్కిన సంస్థ సైడుకార్లు చేయుటయే తన వృత్తిగ పెట్టుకొనెను. కారు కొనలేని సామాన్య గృహస్థు భార్యా బిడ్డలను వెంటగొని పోవుటకు ఆ దేశమున పెక్కేండ్లు ఇదే సాధనముగ నుండెను. చవుక కార్లు వచ్చిన పిమ్మట మూలబడెను. కావున ఇది పుట్టుకచే సంసారుల బండి. సినిమా వారు తరువాత తెచ్చుకొన్నారు.

బండికి క్రొత్త అంగము తగిలించునప్పుడు చట్టము మాట ముందు చూచుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పుస్తకములోని వివరములకు భిన్నముగ బండి రూపమును మన యిచ్చవచ్చినట్లు మార్చరాదు. అనుమతి పొంది, ఆ మార్పును పుస్తకములో ఎక్కింపవలెను. మా వారు రవాణా కార్యాలయమున అర్జీ పెట్టి ఆ పని ముందుగనే ముగించిరి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము, ఏబది యేండ్లు దాటిన బండ్లకు ‘వింటేజి’ అను ప్రత్యేకపు రిజిస్ట్రేషను నేర్పరచినది. దానికి ‘వీఏ’ అను అక్షరములు గల నంబరు పలక నిత్తురు. కాని అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప నిత్యము త్రోవలపై త్రిప్పరాదు. మాకు కావలసినది అద్దాల బీరువాలోని బొమ్మ కాదు గనుక, సాధారణపు రిజిస్ట్రేషనునే గడువు పొడిగించుకొంటిమి.

పాత మోటారుసైకిళ్ల పనిలో చేయి తిరిగిన మేస్త్రి యొకరు విశాఖనుండి బండిని చూడవచ్చిరి. సైడుకారు కొలతలు తీసికొందురని మేము టేపును, పలకను సిద్ధముగ నుంచితిమి. ఆయన వానిని ముట్టలేదు. చక్రముల యెదుట గొంతుకూర్చుండి, "ముందు టైర్ల సంగతి తేల్చండి మాస్టారూ. తక్కిన పని తరవాత" అనిరి. అత్తగారి మనస్సు చివుక్కుమన్నది. "వాటికేం వచ్చింది నాయనా? ఆయన వేయించినవి. గ్రిప్పు చూడు, కొత్తదానిలా ఉంది" అనిరి. ఆ మాట నిజమే. గాడులు లోతుగ, నిండుగ నుండెను.

మేస్త్రి టైరు ప్రక్కగోడపై చిన్న గడిలో అచ్చుపడియున్న నాలు గంకెలను మాకు చూపిరి: 1412. మొదటి రెండును వారము, కడపటి రెండును సంవత్సరము. అనగా ఆ టైరు 2012వ సంవత్సరము 14వ వారమున తయారైనది. 2000వ సంవత్సరమునుండి ఈ తీరున నాలు గంకెలు వేయుచున్నారు. మూడే యున్నచో అది అంతకు పూర్వపు టైరని గుర్తు. మామగారు 2013లో స్వర్గస్థులైరి. అప్పటినుండి బండి చావడిలో నిలిచియే యున్నది. బండి కదలకున్నను రబ్బరు ముసలిదగుచునే యుండును. ఎండ, వేడి, గాలిలోని ఓజోను అను వాయువు దాని మెత్తదనమును హరించును. మేస్త్రి వెనుక టైరును ఊడదీసి ప్రక్కగోడను రెండు చేతులతో వెనుకకు విరిచి పట్టిరి. వేసవి చెరువు బీటలవలె సన్నని నెరియలు నోళ్లు తెరచినవి. వాని యడుగున టైరునకు బలమిచ్చు దారపు పోగులు కనబడుచుండెను.

అత్తగారు దగ్గరకు వచ్చి, ఆ నెరియలను వ్రేలితో తడవి చూచిరి. కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట "ఆయనే ఉంటే వీటి మీద నన్ను ఘాటీ ఎక్కనిచ్చేవారా? తీసేయండి" అనిరి. పాత వస్తువును కాపాడుటయనగా దాని ప్రతి భాగమును ముట్టక యుంచుట కాదని మే మాడినచో ఆమె నొచ్చుకొనియుండెడివారే. ఆ మాట ఆమెయే తేల్చిరి. బండి ఆయన జ్ఞాపకము. టైరు ప్రాణములు మోయు వస్తువు. గొలుసు చేయించుకొనుటకై మేము చేర్చుకొన్న సొమ్ములో కొంత తీసి, ముందునకు వెనుకకు సైడుకారునకు కూడ సరిపడు నొకే కొలత టైర్లు మూడును, ట్యూబులు నాలుగును తెప్పించితిమి. కొలత 3.25–19. మొదటిది టైరు వెడల్పు, రెండవది అది కూర్చుండు రిమ్ము అడ్డుకొలత, రెండును అంగుళములలో. మూడు చక్రములును ఒకే కొలతవైనచో వెంట నొక్క ట్యూబు నుంచుకొన్నను చాలును.

ఈ గాలి చక్రము కూడ సంసారమునుండియే పుట్టినది. 1839లో అమెరికా దేశీయుడైన చార్లెస్ గుడియర్, రబ్బరును గంధకముతో చేర్చి కాచినచో ఎండకు కరగక, చలికి పెళుసుబారక యుండునని కనుగొనెను. 1888లో బెల్‌ఫాస్టు నగరపు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల సైకిలు రాళ్లపై నెగిరిపడకుండ, గాలి నింపిన రబ్బరు గొట్టము చక్రములకు చుట్టి, దానికి పేటెంటు పొందెను. అంతకు ముందే, 1845లో, రాబర్టు విలియం థామ్సన్ అను నతడు ఇట్టి ఊహకు పేటెంటు తీసికొనియుండెను గాని, అది వాడుకకు రాలేదు. మన దేశమున 1946లో మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో పిల్లల బుడగలు చేయు చిన్న కొట్టముగ మొదలైన ఎంఆర్ఎఫ్ తరువాత టైర్ల కర్మాగారమయ్యెను. మా బుల్లెట్టు పుట్టిల్లును ఆ తిరువొత్తియూరే. బుడగకును టైరునకును ధర్మ మొక్కటే: బరువు మోయునది గాలి, రబ్బరు దానిని పట్టియుంచు కుండ మాత్రమే.

గాలియే బరువు మోయుచున్నప్పుడు దానిని బొటనవ్రేలితో నొక్కి చూచి "బాగున్నది" యనుట, ఉప్పు వేయకయే చారు రుచి చెప్పుట వంటిది. చిన్న గేజీ యొకటి ఇంట నుంచుకొని, వారమున కొకమారు, ఉదయమున బండి కదలక మునుపు, టైరు చల్లగ నున్నప్పుడు కొలువవలెను. గాలి తక్కువైనచో టైరు ప్రక్కగోడలు ప్రతి చుట్టునకును నలుగును, వేడెక్కును, తుదకు చిట్లును. ఎక్కువైనచో టైరు నడుమ భాగము మాత్రమే నేలనంటి, పట్టు తగ్గి, ఎముకలు కదలించును. ఒంటి బండిగ నున్నప్పుడు మా బుల్లెట్టునకు ముందు 18, వెనుక 28 పౌనులు పెట్టుచుంటిమి. సైడుకారును ముగ్గురు మనుష్యులును చేరిన పిమ్మట మేస్త్రి ముందు 20, వెనుక 32, ప్రక్క చక్రమునకు 20 నిర్ణయించిరి. ఎవరి బండికి వారి పుస్తకములోని సంఖ్యయే ప్రమాణము.

పుల్లల చక్రమునకు టైరు తొడుగుటలో కొన్ని మెలకువలు కలవు. రిమ్ము లోపల పుల్లల కొనలు పొడుచుకొనివచ్చి ట్యూబును గ్రుచ్చకుండ రబ్బరు పట్టీ చుట్టవలెను. ట్యూబునకు కొంచెము గాలి నూది, ముడుతలు పోయిన పిమ్మట, పైన పౌడరు చల్లి లోనికి చేర్చవలెను. టైరు అంచు సులువుగ జారుటకు సబ్బునీరు చాలును. కిరసనాయిలును, నూనెను రబ్బరునకు తగులనీయరాదు. వాల్వు రిమ్మునుండి నిట్టనిలువుగ రావలెను. అది ఒరిగియున్నచో ట్యూబు లోపల జారుచున్నదని తెలిసికొని వెంటనే సరిచేయవలెను. లేనిచో వాల్వు మొదట తెగి, గాలి యంతయు నొక్క క్షణమున పోవును. టైరు ప్రక్కగోడపై రిమ్మునకు దగ్గరగ సన్నని గీత యొకటి చుట్టును ఉండును. ఆ గీత రిమ్మునుండి అంతటను సమదూరమున కనబడినప్పుడే టైరు సరిగ కూర్చున్నట్లు.

పుల్లల బిగువు చూచు పని మాకు నచ్చినది. చక్రమును పైకెత్తి త్రిప్పుచు, ఒక్కొక్క పుల్లను చిన్న స్పానరుతో మీటవలెను. బిగిసిన పుల్ల వీణ తంతివలె పలుకును. వదులైనది చచ్చిన మ్రోత మ్రోయును. మాకు చిన్ననాట సంగీతము నేర్పిన తండ్రిగారి పుణ్యమున, మా వారికంటె ముందుగ మేమే రెండు వదులు పుల్లలను పట్టుకొంటిమి. మేస్త్రి నవ్వి, "ఈ పని అమ్మగారికే వదిలేయండి మాస్టారూ" అనిరి.

పిమ్మట సైడుకారు. మన దేశమున త్రోవకు ఎడమప్రక్కగ పోవుదుము గనుక దానిని ఎడమవైపుననే తగిలింతురు. అడుగున రెండు, పైన రెండు, మొత్తము నాలుగు చోట్ల బండి చట్రమునకు బిగింతురు. బిగించుటకంటె కొలుచుటకే ఎక్కువ ప్రొద్దు పట్టినది. కొలత లెప్పుడును మనుష్యుల బరువు ఉండగనే తీయవలెను. అత్తగారు గంటలకొలది కూర్చుండలేరు గనుక, ఆమె స్థానమున ఏబది కిలోల బియ్యపు బస్తా నుంచితిమి. "నా తూకం నేడు తెలిసింది" అని ఆమె అరుగుపైనుండి నవ్విరి.

మొదటి కొలత: ప్రక్క చక్రము బండి వెనుక చక్రమునకు సరిసమానముగ నుండక కొంత ముందునకు ఉండవలెను. మా బండికి 8 అంగుళములు వచ్చినది. కుడి మలుపులో బరువంతయు ఎడమ ముందు మూలకు తోసికొనివచ్చునప్పుడు బండి ఆ మూలకు బోర్లపడకుండ ఇది కాచును. రెండవది: రెండు నిడుపైన చెక్కలను, ఒకటి బండి రెండు చక్రముల ప్రక్కను, ఒకటి సైడుకారు చక్రము ప్రక్కను ఆనించి, వాని నడుమ దూరమును ముందొకమారు వెనుకొకమారు కొలువవలెను. ముందటి దూరము ముప్పాతిక అంగుళము తక్కువగ నుంచిరి. ప్రక్క తొట్టి నిరంతరము ఎడమకు లాగుచుండును గనుక, దాని చక్రము రవంత బండివైపునకు చూచుచున్నచో ఆ లాగుడు తీరును. మరీ ఎక్కువ చూచినచో టైరు నేలపై రబ్బరువలె రుద్దుకొని నెలలలో అరుగును. మూడవది: హ్యాండిలునుండి తాపీవారి తూకపు గుండు వ్రేలాడదీసి చూడగ, బండి సైడుకారునకు వెలిగ, కుడివైపునకు, అంగుళమంత ఒరిగియుండవలెను. త్రోవలు ఎడమ అంచునకు వాలియుండుటచే ఈ ఒరుగు పనిచేయునప్పుడు సరియగును. ఇంజనునొద్దనున్న పండ్లచక్రమును పన్ను తక్కువదానితో మార్చిరి. వేగము తగ్గి, కొండ నెక్కు శక్తి పెరిగెను.

సైడుకారు గల బండి మోటారుసైకిలు కాదు, కారును కాదు. దాని స్వభావము దానిదే. వేగము పెంచినచో ఎడమకు లాగును. బ్రేకు వేసినచో, తొట్టి ముందుకు పోజూచుటచే, కుడికి తిరుగును. ఎడమ మలుపులో ప్రక్క చక్రము నేల విడిచి లేవ జూచును. తొట్టి ఖాళీగ నున్నప్పుడు ఈ భయ మెక్కువ గనుక ఇసుక మూట యైనను అందుండవలెను. మలుపులో ఒరిగి పోవుటకు అలవాటుపడిన చేతులు ఇచట హ్యాండిలును బలముగ త్రిప్పుట నేర్చుకొనవలెను. మా వారు నాలుగు ఆదివారములు బడి ఆవరణమున బియ్యపు బస్తాతో అభ్యసించిరి. మొదటి ఏబది కిలోమీటర్లు తిరిగిన పిమ్మట నాలుగు బిగింపులను, పుల్లలను మరల చూచితిమి. ఒక బోల్టు అరచుట్టు వదలియుండెను.

కార్తిక మాసమున రెండవ శనివారమునాడు తెల్లవారకమునుపే గాలి కొలిచి బయలుదేరితిమి. అత్తగారు కొప్పుమీద హెల్మెటు నిలువక, జడ వేయించుకొని పెట్టుకొనిరి. బొడ్డవర దాటగనే మంచు మొగమునకు తగిలెను. తైడ దాటువరకు ఇంజను రెండవ గేరులోనే గొణుగుచుండెను. కొండకు అవతల రైలు ఒక సొరంగమున దూరి మరియొకదానినుండి వెలువడుచుండెను. అనంతగిరి చేరునప్పటికి ఎండ వచ్చెను. సిల్వర్ ఓక్ చెట్ల నీడను కాఫీ మొక్కలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగెలు. కాఫీ పండ్లు అక్కడక్కడ ఎరుపెక్కుచుండెను. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. గాలికొండ వద్ద ఆగి టైర్లపై చేయి వేసి చూచితిమి. గోరువెచ్చగ నుండెను. కొలిచినచో అంకె ఉదయముకంటె కొంత పెరిగినది. వేడికి పెరిగిన గాలిని తీసివేయరాదు. చల్లారినచో అది తక్కువపడును. సుంకరిమెట్ట దాటిన పిమ్మట లోయ విప్పుకొన్నది. వలిసె చేలు పూచి, కనుచూపు మేర పసుపు ఆరబోసినట్లుండెను. అత్తగారు తొట్టిలోనుండి రెండు చేతులు వెలుపలికి చాచి, "ఇదే, ఇదే" అనుచుండిరి.

పల్లెకు చీలిన త్రోవ మట్టిది. జీపులు తొక్కిన రెండు గాళ్లలో రెండు చక్రములు పోవును గాని, మా బండివి మూడు జాడలు. ఏదో ఒక చక్రము నడిమి గట్టుపై నెక్కక తప్పదు. అట్లు పోవుచుండగ ప్రక్క చక్రమునకు ముల్లు దిగి గాలి పోయెను. అత్తగారు దిగుటకు త్రోవలేదు. పొలమునుండి వచ్చుచున్న యువకు లిద్దరు మేము అడుగకమునుపే ఒక దుంగ తెచ్చి, ఆమె కూర్చుండియుండగనే తొట్టి నెత్తి నిలిపిరి. మా వారు టైరు విప్పిరి. ట్యూబు అతుకుట మా వంతు. నీటి గిన్నెలో ముంచి బుడగలు వచ్చు చోటు గుర్తు పెట్టి, తడి తుడిచి, గరుకు కాగితముతో గీకి, జిగురు పూసి, అది వ్రేలి కంటకుండ ఆరువరకు ఓపిక పట్టి, ఆ మీదట అతుకు నదిమితిమి. తొందరపడి తడి జిగురుపై అంటించిన అతుకు నిలువదు. టైరు లోపల గుడ్డతో నెమ్మదిగ తడిమి ముల్లు కొనను తీసినగాని ట్యూబును మరల పెట్టరాదు. లేనిచో అదే ముల్లు రెండవమారు గ్రుచ్చును. అరగంటలో మరల కదలితిమి. ఆ యువకులు డబ్బు పుచ్చుకొనలేదు.

ముసలమ్మ యిల్లు ఊరి చివర. మేము ఆగక మునుపే ఆమె గడప దాటి, కఱ్ఱ నూతగొని, వాకిట నిలిచియుండెను. "బండి సప్పుడు ఇని పంతులుబాబే వచ్చాడనుకున్నాను" అనెను. మా వారు తల వంచగ, ఆమె చేతులతో ఆయన ముఖమును, చెవులను తడిమి చూచి, అత్తగారి వైపు తిరిగి "మన బిడ్డే" అనెను. అత్తగారు తొట్టిలోనుండి లేవలేక చేతులు చాచిరి. ఆమెయే వచ్చి తొట్టి యంచున కూర్చుండెను. ఆ పూట ఇద్దరును అట్లే కూర్చుండి మాటలాడుకొనిరి. మేము వారికి కాఫీ యిచ్చుచు, నలుబదేండ్లకు పైగ మారక నిలిచిన ఆ యింజను చప్పుడును గూర్చియు, మార్చుటచేతనే దానిని ఇచటికి తెచ్చిన టైర్లను గూర్చియు తలచుకొంటిమి. మరునాడు బయలుదేరునప్పుడు ఆమె కొండచీపుళ్లు, అడ్డాకులు కట్టగట్టి తొట్టి వెనుక పెట్టించెను.

ఘాటీ దిగుట ఎక్కుటకంటె కష్టము. బ్రేకును నమ్ముకొని దిగరాదు. ఎక్కునప్పుడు వాడిన గేరులోనే ఇంజను పట్టుతో నెమ్మదిగ దిగవలెను. బ్రేకు వేసిన ప్రతిమారును బండి కుడికి, ఎదురు వాహనముల వైపునకు, తిరుగజూచును గనుక మలుపు రాకమునుపే వేగము తగ్గించుకొనవలెను. ఇల్లు చేరిన మరునాడు టైర్లను పరీక్షించితిమి. సైడుకారు బండి ఒరుగదు గనుక వెనుక టైరు నడుమనే అరుగును, అది సహజము. టైరు ఒక అంచున చేప పొలుసువలె గరుకుదేలినచో మాత్రము చెక్కల కొలత తప్పినదని గ్రహించి మరల సరిచూడవలెను. మా టైర్లకు ఆ గుర్తు లేదు.

బండి నాళ్లతరబడి నిలుపవలసివచ్చినచో స్టాండు వేసి, చక్రములపై బరువు పడకుండ, నీడ పట్టున, నీటి మోటారుకు దూరముగ నుంచవలెను. ఆ మోటారు నిప్పురవ్వలనుండియు ఓజోను పుట్టును. తీసివేసిన పాత టైర్లను ఆరుబయట పడవేసినచో వాన నీరు నిలిచి దోమలు పెరుగును. అత్తగారు వానికి అడుగున రంధ్రములు చేయించి, మట్టి నింపి, చామంతులు నాటించిరి.

దసరా ఆయుధపూజనాడు మనము బండికి పసుపు కుంకుమ లద్ది, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కింతుము. ఆ నిమ్మకాయ పెట్టుటకు వంగినప్పుడే టైరు ప్రక్కగోడపైనున్న నాలు గంకెలను చదివి, నెరియలున్నవేమో చేతితో తడవి, గేజీతో గాలి కొలువుడు. సోదరీమణులారా, స్కూటరైనను, ఆటోయైనను, కారైనను ఈ మాట ఒక్కటే. బిడ్డలను వెనుక కూర్చుండబెట్టుకొని బడికి పోవునది మనమే.